అణాల లెక్క, యంత్రపు లెక్క

“చారాణా కోడికి బారాణా మసాలా” అను సామెత కరీంనగరు, ఆదిలాబాదు ప్రాంతములలో నేటికిని వినవచ్చును. చారాణా యనగా నాలుగణాలు. బారాణా యనగా పండ్రెండణాలు. 25 పైసల నాణెము 2011లో చెలామణి తప్పినది. అణా అంతకు చాల మున్నే పోయినది. మాట మాత్రము మిగిలినది. ఆ మాటలో నొక గణితము దాగియున్నది.

రూపాయికి 16 అణాలు. నూఱణాల సరకు అమ్మిన వర్తకుడు నూటిని పదునాఱుచే భాగించి, ఆఱు రూపాయల నాలుగణాలని నోటితోనే చెప్పెడివాడు. నేడు కంప్యూటరు నేర్చు బాలుడు పైథాన్ భాషలో ‘హెక్స్’ అను ఆజ్ఞ నిచ్చి, 100ను పదునాఱు ఆధారముగా గల మానములోనికి మార్చుమనగా, యంత్రము ముందొక గుర్తు నుంచి 64 అని చూపును. ఆ 6 రూపాయలే, ఆ 4 అణాలే!

యంత్రము ఱెప్పపాటులో చేయు పనికి చేతిలెక్క యేల యని కొందఱందురు. పూర్ణసంఖ్యల వఱకు ఈ వాదము కొంత చెల్లును. ఏ మానమున వ్రాసినను పూర్ణసంఖ్య విలువ చెడదు. చిక్కంతయు భిన్నములతోనే.

1957 ఏప్రిల్ 1న దేశమున దశాంశ నాణెములు వచ్చినవి. ఈ జిల్లాలు ఆంధ్రప్రదేశమున చేరి అప్పటికి అయిదు నెలలే. రూపాయికి నూఱు నయాపైసలైనపుడు అణాకు ఆఱుంబావు రావలెను. పావు పైసకు నాణెము లేదు. అర పైస వఱకు విడిచి, అంతకు మించినదానిని ఒకటిగా గొనవలెనని నిర్ణయమైనది. అందుచే 1 అణాకు 6, 2 అణాలకు 12, 3 అణాలకు 19, 4 అణాలకు 25 నయాపైసలు. ఒక్కొక్క అణాగా పదునాఱు మారులు మార్చుకొన్నవానికి 96 పైసలే దక్కును. తక్కిన నాలుగింటిని ఎవరును దొంగిలింపలేదు; మానము మారుటలో జారిపోయినవి. అణాకొక్క బేరము చేయువారు పేదలే గాని షావుకార్లు కారు.

యంత్రమునకును ఇదే చిక్కు. అది 0, 1 అను రెండంకెల మానమున లెక్కించును. చిత్రమేమన, అణా దానికి మిక్కిలి అనుకూలము: రూపాయిలో పదునాఱవ వంతు ఆ మానమున 0.0001 అని ముగియును. పది పైసలు, అనగా పదవ వంతు, ఎంత వ్రాసినను ముగియదు. మూడవ వంతును మనము 0.333 అని వ్రాయుచు పోవుట వంటిదే యిది. యంత్రము ఎక్కడనో త్రుంచివేయును. పైథాన్‌లో 0.1ను 0.2తో కూడి చూచిన 0.30000000000000004 అని వచ్చును. ఇది చూచి యంత్రము చెడినదనుకొను బాలుడు ఆజ్ఞ నేర్చెనే గాని లెక్క నేర్వలేదు.

కావున మార్పిడి ఆజ్ఞను చూపుటకు ముందు, బడిలో కాగితముపై చేయింపవలెను. పూర్ణసంఖ్యను రెంటిచే భాగించుచు, శేషములను క్రిందినుండి పైకి వ్రాయవలెను. 0.1ను రెంటిచే హెచ్చించుచు, ఒకటి వచ్చినపుడెల్ల దానిని తీసివేయుచు పోవలెను. 0.2, 0.4, 0.8, 1.6, 1.2, మఱల 0.4! బాలుడు తన చేతితో చేసి, తన కన్నులతో చూచిన ఈ తిరుగుడును మఱవడు.

ధనపు లెక్కల ప్రోగ్రాములు వ్రాయువారు పలువురు మొత్తమును రూపాయలలో గాక, పైసలలో పూర్ణసంఖ్యగా నుంచుదురు. నూఱణాల వర్తకుడును ముందు అన్నిటిని అణాలుగానే కూడి, పిమ్మట రూపాయలు చేసెడివాడు.