లూథరన్ అంటే ఏంటి బాసూ?

గుంటూరులో ఎవరినైనా "మీది ఏ చర్చి?" అని అడగండి. "లూథరన్" అనే జవాబు వచ్చే ఛాన్స్ ఎక్కువ. ఒంగోలు వైపు వెళితే "బాప్టిస్టు" అంటారు. ఇదేమీ దేవుడు గీసిన సరిహద్దు కాదు. అప్పట్లో మిషనరీ సంఘాలు తలా ఒక ప్రాంతం చూసుకున్నాయి, అంతే.

పేరేమో జర్మనీ మార్టిన్ లూథర్‌ది. (అమెరికాలో పౌరహక్కుల కోసం పోరాడిన మార్టిన్ లూథర్ కింగ్ వేరు. ఆయన బాప్టిస్టు పాస్టరు. ఇద్దర్నీ కలిపేసి ప్రాజెక్టు రాసేయకండి!) మన లూథర్ లా చదువుతున్న కుర్రాడు. 1505లో దారిలో ఉరుములు, మెరుపులు, దగ్గర్లో పిడుగు. బతికితే సన్యాసినవుతానని మొక్కేసుకున్నాడు. కొడుకు లాయరవుతాడని ఆశపడ్డ నాన్నకి ఒళ్ళు మండిపోయింది.

మఠంలోనూ లూథర్ టాపర్ టైపే. ఉపవాసాలు, జాగరణలు, గంటల తరబడి పాపాలు ఒప్పుకోవడం. అయినా 'దేవుడికి నేను చాలనేమో' అనే భయం మాత్రం పోలేదు. 99 మార్కులొచ్చినా పోయిన ఆ ఒక్క మార్కు కోసం ఏడ్చే ఫ్రెండ్ మీకూ ఉండే ఉంటాడు కదా? సేమ్ కేసు.

బైబిల్లో రోమీయులకు రాసిన పత్రిక చదువుతుంటే ఆయనకి తట్టింది. దేవుడి దగ్గర కటాఫ్ లేదు. క్షమాపణ సంపాదించుకునేది కాదు, ఆయన ఇస్తే నమ్మి తీసుకునేది. దీన్నే కృప అంటారు. లూథరన్ విశ్వాసానికి గుండెకాయ ఇదే. మరి మంచి పనులెందుకంటారా? అవి ఫీజు కాదు, థాంక్యూ. ర్యాంకుల మధ్య, లైకుల లెక్కల మధ్య పెరిగిన మనకి ఇది వినడానికి ఈజీ, నమ్మడానికి భలే కష్టం.

క్షమాపణే ఉచితమైతే పాపపరిహార పత్రాలు డబ్బుకి అమ్మడమేంటి? 1517 అక్టోబర్ 31న విట్టెన్‌బర్గ్‌లో ఆయన 95 అంశాలతో నిలదీశాడు. వాటిని చర్చి తలుపుకి నిజంగా మేకు కొట్టాడా లేదా అని చరిత్రకారులు ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు. తర్వాత కథ పెద్దది. నాకు నచ్చేది మాత్రం కాతరీనా. 1523లో చేపల వర్తకుడి బండెక్కి కాన్వెంట్ నుంచి పారిపోయి వచ్చింది. 1525లో లూథర్‌ని పెళ్ళాడింది. ఇల్లు, పశువులు, బీరు కాయడం అన్నీ ఆవిడ చేతిమీదే. లూథరన్ చర్చిలో అయ్యగారితో పాటు అమ్మగారు కూడా ఎందుకుంటారో అర్థమైందిగా!

గుంటూరుకి ఈ విశ్వాసం 1842 జూలై 31న వచ్చింది. తెచ్చింది హేయర్ అనే 49 ఏళ్ళ పాస్టరు. డెబ్బై దాటాక కూడా ఆయన మళ్ళీ ఇక్కడికొచ్చాడు. 1883లో డాక్టర్ అన్నా కుగ్లర్ వచ్చింది. డాక్టర్‌గా పంపడానికి మిషన్ మొదట ఒప్పుకోకపోయినా, చివరికి గుంటూరులో ఆసుపత్రి కట్టించింది. ఏసీ కాలేజీ కూడా ఈ మిషన్ పెట్టిందే. ఆంధ్ర ఇవాంజెలికల్ లూథరన్ చర్చి 1927లో ఏర్పడింది.

చేరినవాళ్ళలో ఎక్కువమంది దళిత పల్లెలవాళ్ళు. ఊరి బావి దగ్గరికి రానివ్వని మనిషికి 'నువ్వు దేవుడికి కావాలి' అనే మాట ఎంత పెద్దదో ఊహించండి. అలాంటి చర్చిలో కూడా సంబంధాలు చూసేటప్పుడు కులం అడిగేవాళ్ళున్నారు. ఆదివారం కృప గురించి పాడి సోమవారం ఇదేంటో!

ఎప్పుడైనా ఫ్రెండ్‌తో ఆరాధనకి వెళ్తే కంగారు పడకండి. ఎప్పుడు లేవాలో, ఎప్పుడు కూర్చోవాలో తెలియకపోతే ముందు వరుస బామ్మగారిని ఫాలో అయిపోండి. ఆవిడకి పుస్తకం చూడకుండానే అంతా వచ్చు. ఇక్కడ పసిపిల్లలకీ బాప్తిస్మం ఇస్తారు, నీళ్ళు తలమీద పోసి. ఏమీ చేయలేని పసివాడికి ఇవ్వడమే అసలు కృప కదా అన్నది వీళ్ళ లాజిక్. బాప్టిస్టు ఫ్రెండ్ పక్కనుంటే మాత్రం ఈ టాపిక్ ఎత్తకండి, భోజనం చల్లారిపోతుంది.

వెళ్ళేదేదో కోత పండక్కి వెళ్ళండి. వడ్లు, గుమ్మడికాయలు, కోళ్ళు అన్నీ కానుకగా వస్తాయి, తర్వాత వేలం పాట. పుంజుని పాడుకున్న పెద్దాయన దాన్ని మళ్ళీ చర్చికే ఇచ్చేస్తాడు, అది మళ్ళీ వేలానికొస్తుంది. ఊరికే చెయ్యెత్తి ఫ్రెండ్‌కి హాయ్ చెప్పారో, పుంజు మీదే!