పాత బండికి కొత్త నాడులు

ఈ నెల కూడా రక్తపోటు గురించో, చక్కెర వ్యాధి గురించో రాస్తామనుకుని పేజీ తిప్పేయబోతున్న పాఠకులకు చిన్న మనవి. ఈసారి రోగి మనిషి కాదు, మోటారు కారు. ఈసారి ‘మేము’ అనడం మర్యాద కోసం కూడా కాదు. నిజంగానే ఇద్దరం. ఒకరిది గుంటూరులో చదివిన వైద్యం, మరొకరిది ఇక్కడ చదివిన ఎలక్ట్రికల్ ఇంజనీరింగు. వరసకు బావా బావమరుదులం.

కారు మా మామగారిది. 1972 మోడలు షెవ్రొలే నోవా. ఆయన 1978లో ఈ దేశం వచ్చి, ఆస్పత్రిలో శిక్షణలో ఉండగా, సెకండు హాండులో కొన్న మొదటి బండి. క్లీవ్‌లాండు నుంచి పిట్స్‌బర్గు వేంకటేశ్వరస్వామి గుడికి సుమారు 130 మైళ్ళు. ఆ దారి ఈ కారుకు కంఠతా వచ్చని ఆయన అంటారు. తరవాత ఎన్ని కార్లు మారినా దీన్ని అమ్మలేదు. ఒక శీతకాలం రేడియేటరులో మంచు కట్టని మందు పోయడం మరిచి ఉత్త నీళ్ళు ఉంచేశారు. నీళ్ళు గడ్డకట్టి ఇంజను దిమ్మ నిలువునా పగిలింది. అప్పటినుంచి బండి గరాజులోనే. “ఒక్కసారి మనవరాలిని ఎక్కించుకుని ఇందులో గుడికి వెళ్ళాలర్రా” అని ప్రతి పండక్కీ అనడం ఆయనకు, తలవంచుకుని వినడం మాకు అలవాటైపోయాయి.

మన ఊళ్ళలో అంబాసిడర్‌లోంచి పెట్రోలు ఇంజను తీసి డీజిలు ఇంజను బిగించిన మేస్త్రీలను చూసినవాళ్ళమే కదా, మనవల్ల కాదా అనుకున్నాం. పాత సామాన్ల యార్డులో 2002 షెవ్రొలే ట్రక్కుది, 5.3 లీటర్ల ఎనిమిది సిలిండర్ల ఇంజను దొరికింది. దాన్ని కారులో కూర్చోబెట్టడం బలానికి సంబంధించిన పని. నాలుగు వారాంతాల్లో అయిపోయింది. అసలు కథ తీగల దగ్గర మొదలైంది.

పాత ఇంజనుకు కారునుంచి వెళ్ళే తీగలు వేళ్ళమీద లెక్కపెట్టవచ్చు: ఇగ్నిషన్ కాయిలుకు ఒకటి, స్టార్టరుకు ఒకటి, ఆయిలు దీపానికి, వేడి దీపానికి చెరొకటి. పెట్రోలు పంపును ఇంజనే తిప్పుకుంటుంది. కార్బురేటరుకు కరెంటుతో పెద్దగా పనిలేదు. కొత్త ఇంజనులో డిస్ట్రిబ్యూటరే లేదు. సిలిండరుకో కాయిలు, సిలిండరుకో ఇంజెక్టరు. ఎప్పుడు నిప్పు రవ్వ రాజెయ్యాలో, ఎంత పెట్రోలు చిమ్మాలో ఒక కంప్యూటరు చెబుతుంది. క్రాంకుషాఫ్టు ఎక్కడుందో, గాలి ఎంత వస్తోందో, నీళ్ళు ఎంత వేడెక్కాయో సెన్సార్లు దానికి కబురు పంపుతూ ఉంటాయి. వైద్యభాషలో చెప్పాలంటే కబురు తెచ్చే నాడులు కొన్ని, ఆజ్ఞ మోసుకెళ్ళే నాడులు కొన్ని.

ట్రక్కునుంచి ఊడదీసిన ఆ తీగల మోపును గరాజు నేలమీద పరిచేసరికి మా అత్తగారు చూసి, “ఇదేమిటి, విప్పిన జడలా ఉంది!” అన్నారు. కొంచెం భయపడ్డ మాట నిజం. కానీ ప్రతి కొసకూ పేరు రాసిన చీటీ అంటించాక తెలిసిందేమిటంటే, అందులో ముప్పాతిక మువ్వీసం తీగలు ఇంజనుకూ కంప్యూటరుకూ మధ్య సొంత సంసారం. వాటికి మన కారుతో నిమిత్తం లేదు. కారుతో కలపాల్సినవి కొన్నే: బ్యాటరీనుంచి ఎప్పుడూ ఉండే 12 వోల్టులు, తాళం తిప్పితే వచ్చే 12 వోల్టులు, నేలతీగలు, పెట్రోలు పంపు రిలే, ఫ్యాను రిలే, హెచ్చరిక దీపం, స్కానరు తగిలించే ప్లగ్గు. పాత ట్రక్కు దొంగతాళం కనబడకపోతే కంప్యూటరు పెట్రోలు ఆపేస్తుంది కనుక, దాన్ని ముందే తెలిసినవారికి పంపి ఆ షరతు తీయించాం.

నేలతీగల దగ్గర మేము తప్పు చేయలేదు; ఎందుకంటే అది రక్తప్రసరణ సూత్రమే. రక్తం వెళితే చాలదు, తిరిగి రావాలి. ఇంజను రబ్బరు దిమ్మల మీద కూర్చుంటుంది కనుక దానికీ కారు శరీరానికీ లోహబంధం ఉండదు. అందుచేత ఇంజనునుంచి బ్యాటరీకి ఒక లావుపాటి తీగ, ఇంజనునుంచి శరీరానికి మరొకటి, రంగు గీకి, ఇనుము మెరిసేదాకా తోమి బిగించాం.

అంతా అయింది. తాళం తిప్పాం. ఇంజను గిరగిరా తిరిగింది, రాజుకోలేదు. మళ్ళీ తిప్పాం. అంతే. పెట్రోలు అందడం లేదేమోనని, పంపుకు తాళం దగ్గరనుంచి నేరుగా ఒక తాత్కాలిక తీగ వేశాం. పంపు హోరుమంది, ఇంజను మాత్రం ఉలకలేదు. మూడు వారాలు ఇదే వరస. ప్రతి తీగనూ మీటరుతో చూస్తే ప్రతిచోటా నిక్షేపంగా 12 వోల్టులు!

చివరికి బావగారు స్కానరు తగిలించి, “డాక్టరూ, నువ్వు తాళం తిప్పు, నేను తెర చూస్తాను” అన్నారు. స్టార్టు దగ్గరకు తిప్పగానే తెరమీద సంబంధం తెగిపోయింది. వదలగానే మళ్ళీ వచ్చింది.

“బావగారూ, ఇది పరుగెత్తితేనే గుండెనొప్పి వచ్చే రోగి. మనం పడుకోబెట్టి ఈసీజీ తీస్తున్నాం” అన్నాం.

అదే జరిగింది. కంప్యూటరుకు ‘తాళం తిప్పితే వచ్చే’ కరెంటును మేము హీటరు ఫ్యాను ఫ్యూజునుంచి తీసుకున్నాం. స్టార్టరు తిరిగేటప్పుడు బ్యాటరీ బలమంతా దానికే దక్కాలని పాత కార్లలో ఫ్యానుకూ రేడియోకూ ఆ క్షణంలో కరెంటు ఆగిపోతుంది. సరిగ్గా ఇంజను రాజుకోవలసిన క్షణంలోనే కంప్యూటరు మూర్ఛపోతోందన్నమాట. పాత కాయిలు తీగ వాడుకుందామా అంటే, అందులో కావాలని నిరోధం పెట్టి ఉంటుంది; బరువు పడితే వోల్టులు పడిపోతాయి. తాళం స్విచ్చులో, నడిచేటప్పుడూ స్టార్టు చేసేటప్పుడూ రెండింటా కరెంటు ఉండే కొన వేరే ఉంది. దాన్ని పట్టుకుని ఒక రిలేను నడిపించి, అసలు కరెంటును బ్యాటరీనుంచి ఫ్యూజు మీదుగా తెచ్చాం. మళ్ళీ తాళం తిప్పితే రెండో చుట్టుకే ఇంజను అందుకుంది. మామగారు చప్పట్లు కొట్టారు. మిఠాయి పంచుకున్నాం.

ఇంతటితో కథ ఆపితే గొప్పగానే ఉంటుంది. కానీ రాయవలసింది ఆ తరవాతదే.

మామగారు డ్రైవరు సీట్లో కూర్చుని గేరు వేయగానే బండి ఒక కుదుపు కుదిపి ఆగిపోయింది. మేమిద్దరం బానెట్టు కింద తలలు దూర్చి వాదించుకుంటున్నాం. “ఇంజను ఆగిపోయింది కదా, మరి వెనక ఆ రొద ఏమిట్రా?” అన్నారు ఆయన కొడుకుతో. మా చెవులకు వినబడనే లేదు. ఆయనే తాళం కట్టేసి దిగి, “పెట్రోలు వాసన” అన్నారు. వెనక చక్రం దగ్గర నేల తడిసి ఉంది.

మూడు వారాల కిందట వేసిన తాత్కాలిక తీగను తీయడం మరిచాం. ఇంజను ఆగినా పంపు ఆగలేదు. పైగా గొట్టం పాత కార్బురేటరు రకం. కార్బురేటరుకు 5, 7 పౌండ్ల ఒత్తిడి సరిపోతుంది. ఈ ఇంజనుకు 58 పౌండ్లు కావాలి. ఆ గొట్టం బిగింపు దగ్గర చెమర్చి చినుకులుగా కారుతోంది. అక్కడికి రెండు గజాల్లో వాటర్ హీటరు, దానిలో నిత్యం వెలిగే మంట.

కాలిన ఒళ్ళకు కట్లు కట్టిన చేతులివి. కారు గుద్దుకోవడంవల్ల కాక, తరవాత అంటుకున్న మంటవల్ల పోయినవాళ్ళను చూశాం. అంత తెలిసీ, మనవరాలు కూర్చోబోయే సీటు వెనక ఆ తీగను ఉంచేశాం. ఇంజను రాజుకున్న సంతోషంలో, రోగం కుదిరింది కదా అని ఆపరేషను బల్ల దిగిపోయిన సర్జన్లమయ్యాం. ఆ రాత్రి మా ఇద్దరికీ అన్నం సహించలేదు.

మర్నాడు ఆ తీగ కోసేశాం. పంపు రిలేను కంప్యూటరుకే అప్పగించాం. తాళం వేయగానే అది పంపును రెండు సెకన్లపాటు తిప్పి ఆపేస్తుంది; ఇంజను తిరుగుతున్నట్టు క్రాంకు సెన్సారు చెబితేనే మళ్ళీ నడుపుతుంది. ఇంజను ఆగితే పంపూ ఆగుతుంది. దానికి తోడు, బండి దేన్నైనా గుద్దితే పంపుకు కరెంటు తెంచేసే స్విచ్చు ఒకటి పెట్టాం. గొట్టాలన్నీ మార్చి, ఎస్.ఏ.ఇ. 30ఆర్9 అని అచ్చువేసి ఉండే, ఇంజెక్షనుకు పనికివచ్చే రకం వేశాం. అతికిన ప్రతి తీగకూ తొడుగు, బ్యాటరీ పక్కనే ఫ్యూజు.

ఇలాంటి పనికి పూనుకునే పాఠకులుంటే మూడు మాటలు. కరెంటు ఉందో లేదో స్టార్టరు తిరుగుతుండగా చూడండి. ఊరికే ఉన్నప్పుడు చూసి మోసపోకండి. తాత్కాలికంగా వేసిన ప్రతి తీగకూ ఎర్ర చీటీ కట్టి, గోడమీద కూడా రాసుకోండి. ఇంజను ఆగితే పంపు ఆగుతోందో లేదో చూడకుండా ఎవరినీ బండి ఎక్కించకండి.

పోయిన నెల పిట్స్‌బర్గు వెళ్ళివచ్చాం. ముందు సీట్లో మామగారు, అత్తగారు. వెనక మేము, మధ్యలో మనవరాలు. తాళం సగం తిప్పి ఆయన ఆగుతారు. పంపు రొద మొదలవుతుంది. మనవరాలు గట్టిగా “ఒకటి, రెండు” అని తెలుగులో లెక్కపెడుతుంది. రొద ఆగుతుంది. “ఆగింది తాతా!” అంటుంది. అప్పుడుగాని ఆయన తాళం ముందుకు తిప్పరు.