బేతాళుడి ప్రశ్న దగ్గర ఆగుదాం

వేసవి సెలవులొస్తే తల్లిదండ్రులకు ఎండలకన్నా ముందు సెల్‌ఫోను బెంగ పట్టుకుంటోంది. లాక్కుంటే ఏడుపు, ఇస్తే తల తిప్పరు. ఈ తగవులో నేరమంతా పిల్లల మీద వేయడం అన్యాయం. పెరుగన్నం ముద్దలు పెడుతూ, ఎదురుగా మంచినీళ్ల చెంబుకు ఫోను ఆనించి బొమ్మలు చూపించింది మనమే. ఒక వీడియో అయిపోగానే ఎవరూ అడగకుండానే ఇంకోటి మొదలవుతుంది. బిడ్డ నోరు తెరుస్తుంది, మింగుతుంది. ఏం తిన్నదో, ఏం చూసిందో దానికి పట్టదు.

రెండు నుంచి నాలుగేళ్ల పిల్లలకు రోజుకు గంటకు మించి తెర వద్దని, రెండేళ్లు నిండని పసివాళ్లకు అసలే వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. ఆ లెక్క పాటించాల్సిందే. అయితే ఫోను తీసేశాక పిల్లలకు మనమేం ఇస్తున్నాం?

1947 జులైలో మొదలైన 'చందమామ' మాసపత్రికను ఇంటిల్లిపాదీ చదివారు. అందులో బేతాళుడు విక్రమార్క మహారాజుకు కథ చెప్పి, చివర చిక్కుప్రశ్న వేసేవాడు. విక్రమార్కుడి జవాబు చదవకముందే పుస్తకం మూసి, "నువ్వయితే ఏం చెబుతావురా?" అని పిల్లవాణ్ణి అడగొచ్చు. వాడి జవాబు రాజుగారి జవాబుతో కలవకపోయినా ఫరవాలేదు. ఆలోచించడానికి అక్కడ తీరిక దొరుకుతుంది. దానంతటది పరిగెత్తే తెర ఆ తీరిక ఇవ్వదు.

ఇంగ్లిషు మీడియంలో చదువుతూ, పదేళ్లొచ్చినా తెలుగు కూడబలుక్కునే పిల్లలు చాలామంది. వాళ్ల మనసుకు పట్టే కథ పెద్దది, సొంతంగా చదవగలిగే వాక్యం చిన్నది. ఆ ఎడం పూడేది పెద్దలు పైకి చదివి వినిపిస్తేనే. రాత్రి అన్నాలయ్యాక పావుగంట చాలు. ముందు అమ్మానాన్నల ఫోన్లు పక్కన పెట్టాలి. కథ రసపట్టులో ఉండగా ఆపితే, మిగతాది తెలుసుకోవాలన్న ఆత్రంతో పిల్లలే తెల్లారి పుస్తకం అందుకుంటారు.

పుస్తకాలు కొనే స్తోమత అందరికీ ఉండదు. అందుకే గ్రంథాలయాలున్నాయి. మనం కట్టే ఇంటిపన్నుమీద రూపాయికి ఎనిమిది పైసలు గ్రంథాలయ సెస్సుగా పోతోంది. ఈ సెలవుల్లో పిల్లల్ని వెంటబెట్టుకుని మీ ఊరి గ్రంథాలయానికి వెళ్లండి. పిల్లల పుస్తకాలు బీరువాలో తాళం పడి ఉంటే తీయించండి. లేకపోతే తెప్పించమని గట్టిగా అడగండి. ఆ డబ్బు మనది, ఆ పుస్తకాలు మన పిల్లలవి.