హైదరాబాద్ దాకా వచ్చిన టేబుల్.. జనగామ దాకా రాదా?

ఫోన్‌లో ఎయిట్ బాల్ పూల్ ఒక్కసారి కూడా ఆడనోళ్లు ఎవరైనా ఉంటే చెయ్యెత్తండి. తెలుసు, చాలా తక్కువ చేతులే లేస్తాయి. బస్సులో, క్లాసులో లాస్ట్ బెంచీలో, అర్ధరాత్రి దుప్పట్లో.. ఎక్కడ చూసినా అదే ఆట. ఆ ఆటకి స్నూకర్ అని ఓ పెద్దన్న ఉన్నాడు. ఆ పెద్దన్న ప్రపంచ ర్యాంకింగ్ టోర్నీ రూపంలో మన గుమ్మం దాకా రెండుసార్లు వచ్చి వెళ్లాడు. ఆ సంగతే మనలో చాలామందికి తెలీదు.

మొదటిసారి 2016 జులైలో. హైదరాబాద్ హెచ్ఐసీసీలో ఇండియన్ ఓపెన్ జరిగింది. గ్లాస్గో కుర్రాడు ఆంథొనీ మెక్‌గిల్ ఫైనల్లో ఇంగ్లండ్ ఆటగాడు కైరెన్ విల్సన్‌ని 5-2తో ఓడించాడు. మెక్‌గిల్ కెరీర్‌లో అదే తొలి ర్యాంకింగ్ టైటిల్. 2017 సెప్టెంబర్‌లో అదే టోర్నీ విశాఖ బీచ్ రోడ్డులోని నోవోటెల్‌కి వచ్చింది. మెక్‌గిల్ మళ్లీ ఫైనల్ చేరాడు. కానీ ఈసారి ఎదురుగా ఉన్నది సొంత దేశం సీనియర్, అప్పటికే నాలుగుసార్లు ప్రపంచ చాంపియన్ అయిన జాన్ హిగ్గిన్స్. స్కోరు 5-1. కప్పు హిగ్గిన్స్ పట్టుకెళ్లాడు. అంటే ఒక స్కాట్లండ్ కుర్రాడు తన కెరీర్‌లో మొదటి సంబరం హైదరాబాద్‌లో చేసుకుని, ఆ కిరీటాన్ని విశాఖలో పోగొట్టుకున్నాడన్నమాట.

రూల్స్ అంటే భయమా? క్యారమ్స్ వస్తే సగం వచ్చినట్టే. క్వీన్ వేశాక కవర్ వెయ్యాలి కదా. ఇక్కడ ఒక ఎర్ర బంతి వేశాక ఒక రంగు బంతి వెయ్యాలి. ఎర్రవి 15, ఒక్కోదానికి 1 పాయింట్. రంగులు ఆరు. పసుపు 2, ఆకుపచ్చ 3, బ్రౌన్ 4, నీలం 5, పింక్ 6, నలుపు 7. ఎర్రవి ఉన్నంతసేపు రంగు బంతి పడితే తీసి మళ్లీ దాని చోట పెడతారు. అవి అయిపోయాక రంగులు వరసగా వేసుకుంటూ పోవాలి. ప్రతి ఎర్ర తర్వాతా నలుపే వేస్తే లెక్క 147కి చేరుతుంది. ఆ నంబర్ కోసమే ప్రొఫెషనల్స్ కలలు కంటారు.

టేబుల్ 12 అడుగుల పొడవు, 6 అడుగుల వెడల్పు. ఫోన్ గేమ్‌లో బంతి ఎటు పోతుందో గీత గీసి మరీ చూపిస్తారు. ఇక్కడ గీత ఉండదు. ఆ గీత మన కళ్లకే కనబడాలంటే అదే సైజు టేబుల్ మీద రోజూ గంటలకు గంటలు, ఏళ్ల తరబడి వంగాలి. చిన్న పూల్ టేబుల్ మీద కింగ్ అయినోడు కూడా ఇక్కడికొచ్చి మొదటి లాంగ్ షాట్‌కే తెల్లమొహం వేస్తాడు.

ఇక ర్యాంకింగ్ సంగతి. క్రికెట్‌లో లాగా ఫార్ములా పెట్టి రేటింగ్ పాయింట్లు లెక్కేయరు. గెలిచిన ప్రైజ్ మనీయే ర్యాంకు. హైదరాబాద్‌లో మెక్‌గిల్‌కి 50 వేల పౌండ్లు వచ్చాయి. అప్పటి మారకంలో 40 లక్షల రూపాయలకు పైనే. ఆ మొత్తం అతని ర్యాంకింగ్ ఖాతాలో పడింది. రెండేళ్లు కాగానే లెక్కలోంచి జారిపోయింది. నిన్నటి గెలుపు రేపు పనికి రాదు, మళ్లీ గెలవాల్సిందే. టూర్‌లో ఉండేది దాదాపు 128 మంది. రెండేళ్ల లెక్కలో టాప్ 64లో ఉంటే సీటు ఉంటుంది. లేకపోతే క్యూ స్కూల్ అనే క్వాలిఫయింగ్‌లో మళ్లీ మొదట్నించీ మొదలుపెట్టాలి. అందులోనూ చాలా ఏళ్లపాటు తొలి రౌండ్‌లో ఓడితే చేతికి ఏమీ వచ్చేది కాదు. విమానం టికెట్, హోటల్ బిల్లు మాత్రం జేబులోంచే.

ఇంకో ముచ్చట వినండి. హైదరాబాద్ టోర్నీకి క్వాలిఫయింగ్ జరిగింది ఇంగ్లండ్‌లోని ప్రెస్టన్‌లో! హైటెక్స్‌లో ఆడాలంటే ముందు అక్కడ గెలవాలి. ఈ ఆట ప్రాణం ఎక్కడుందో దీన్నిబట్టి అర్థమవుతుంది. మన పంకజ్ అద్వానీ 2012లో ప్రొఫెషనల్ టూర్‌కి వెళ్లి, 2014లో సీటు వదులుకుని ఇంటికొచ్చేశాడు. ఆదిత్య మెహతా 2013 ఢిల్లీ ఇండియన్ ఓపెన్‌లో ఫైనల్ దాకా వెళ్లాడు. ర్యాంకింగ్ ఫైనల్ చేరిన తొలి భారతీయుడు అతనే. చైనా స్టార్ డింగ్ జున్‌హుయ్ చేతిలో 5-0తో ఓడాడు. విచిత్రం ఏంటంటే, ఈ ఆట పుట్టింది మన దేశంలోనే. 1875లో జబల్‌పూర్ ఆర్మీ మెస్‌లో.

ఇప్పుడు మన ఊళ్లకొద్దాం. హైదరాబాద్‌లో ఆ ఫైనల్ జరిగిన మూడు నెలలకి, 2016 అక్టోబర్ 11న, జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి కొత్త జిల్లాలయ్యాయి. జనగామ నుంచి రైలెక్కితే సికింద్రాబాద్ సుమారు రెండు గంటలు. మానుకోట నుంచి అదే లైన్‌లో ఇంకాస్త ఎక్కువ. భూపాలపల్లికి రైలే లేదు, ముందు బస్సెక్కి హన్మకొండ చేరాలి. స్కూల్ అయిపోయాక సాయంత్రం ప్రాక్టీస్ చెయ్యాల్సిన పిల్లాడికి ఆ దూరం రోజూ కుదిరే పనేనా? వరల్డ్ టోర్నీ నగరానికి వచ్చినంత మాత్రాన ఆట జిల్లాకి వచ్చినట్టు కాదు. స్టార్లు ఐదు రోజులు ఆడి వెళ్లిపోతారు. ఆట నిలబడేది మాత్రం రోజూ తలుపు తెరిచే గదిలోనే.

ఆ గది పేరెత్తితే ఇంట్లో వచ్చే డైలాగ్ కూడా తెలుసు. "ఆ క్లబ్బులల్ల తిరిగితే బువ్వ పెడ్తరా బిడ్డా?" అమ్మ మాటని ఉత్తిగనే కొట్టెయ్యకండి. పందేలు, సిగరెట్ పొగ, కాలేజీ బంక్.. ఈ మూడూ ఉన్న చోటికి పిల్లాణ్ని పంపడానికి ఏ తల్లయినా భయపడుతుంది. ఇక ఆడపిల్ల అయితే ఆ తలుపు దాకా కూడా పోదు. కానీ తప్పు గదిది, ఆటది కాదు. ఇదే ఆటలో పంకజ్‌కి ఖేల్ రత్న వచ్చింది, 2018లో పద్మభూషణ్ కూడా వచ్చింది. ప్రభుత్వ సంస్థ ఓఎన్‌జీసీ అతనికి ఉద్యోగం ఇచ్చింది. 2017లో సింగపూర్‌లో మహిళల ప్రపంచ చాంపియన్‌షిప్ ఫైనల్ దాకా వెళ్లింది మన విద్యా పిళ్లై. ఓడింది 6-5తో, ఆఖరి ఫ్రేమ్‌లో.

నిజం చెప్పాలంటే, మన మూడు జిల్లాల్లోంచి రేపే ఒక ర్యాంకర్ పుట్టుకొస్తాడని ఎవరూ హామీ ఇవ్వలేరు. ఒలింపిక్స్‌లో లేని ఆట, లక్షల్లో ఖరీదు చేసే టేబుల్, పౌండ్లలో నడిచే టూర్. దారి కష్టమే. అయినా పిల్లలు ఓడిపోతే టేబుల్ దగ్గర ఓడిపోవాలి. టేబుల్ లేక ఓడిపోకూడదు.

అడగాల్సింది పెద్దదేం కాదు. జిల్లాకి ఒక్క ఫుల్ సైజ్ టేబుల్. క్యూ స్టిక్ అడ్డం లేకుండా ఊపాలంటే సుమారు 22 అడుగుల పొడవు, 16 అడుగుల వెడల్పు గది చాలు. జిల్లా కేంద్రంలోని ఇండోర్ హాల్లోనో, భూపాలపల్లిలో అయితే సింగరేణి వాళ్ల కమ్యూనిటీ హాల్లోనో అంత జాగా అడగొచ్చు. వారానికి రెండు రోజులు వచ్చే కోచ్ కావాలి. సాయంత్రం ఫిక్స్‌డ్ టైమ్ ఉండాలి. పొగ, పందెం బంద్. అమ్మాయిలకి విడిగా ఒక స్లాట్. ఇవి ఉంటే సబ్ జూనియర్, జూనియర్ పోటీలకి పిల్లల్ని తయారుచేసే పని మొదలైనట్టే.

మరి అడిగేదెవరు? మీరే. ప్రతి సోమవారం కలెక్టరేట్‌లో ప్రజావాణి ఉంటుంది. పెన్షన్‌కీ, పాస్‌బుక్‌కీ మన పెద్దోళ్లు అక్కడ లైన్ కడతారు. ఆటస్థలం కోసం కూడా అర్జీ పెట్టొచ్చు. పదిమంది దోస్తులు కలవండి, ఒక తెల్లకాగితం మీద పైన చెప్పిన కొలతలు రాయండి, అందరూ సంతకాలు పెట్టండి. ఒక కాపీ జిల్లా యువజన, క్రీడల అధికారికి ఇవ్వండి. రసీదు తీసుకోవడం మాత్రం మర్చిపోకండి.