దాచిపెడితే ఎవరికి మేలు?

మొన్న మా వీధిలో పెళ్ళి. మెరవణి బయల్దేరే వేళకి మా మరిది కొడుకు, అనంతపురంలో డిగ్రీ చదివే పిల్లవాడు, తూలుతూ మా గడప ఎక్కాడు. నోరు తెరవగానే వాసన. ఎక్కడ తాగావురా అంటే, "పెన్న ఒడ్డున ఫ్రెండ్సుతో పెద్దమ్మా! పెద్దోళ్ళ ముందర తాగేకి కాదు కదా. ముందే వేసుకుంటేనే డాన్సు చేసేకి ధైర్యమొచ్చేది. నాయనకు చెప్పొద్దు" అన్నాడు.

చెప్పలేదు. మజ్జిగ తాగించి పడుకోబెట్టి, తలనొప్పంట అని అందరికీ సర్దిచెప్పాను. తెల్లారాక అనిపించింది: నేను కాపాడింది పిల్లవాణ్ణా, వాడి అలవాటునా?

ఇది మా పామిడి ముచ్చటే కాదు. పెళ్ళయినా, ఫేర్‌వెల్ పార్టీ అయినా, వినాయక నిమజ్జనమైనా ముందే తాగి బయల్దేరే కాలేజీ పిల్లలు అన్నిచోట్లా ఉన్నారు. అక్కడ పెద్దలుంటారు కనుక భోజనానికి ముందే, గబగబా తాగేస్తారు. ఖాళీ కడుపున మందు త్వరగా రక్తంలోకి ఎక్కుతుంది. మజ్జిగ, నిమ్మరసం, కాఫీ ఏవీ దాన్ని దించలేవు. ఆ మత్తులోనే ముగ్గురేసి ఒకే బైకు మీద 44వ నంబరు జాతీయ రహదారి ఎక్కుతారు. మన రాష్ట్రంలో 21 ఏళ్ళు నిండనివారికి మద్యం అమ్మకూడదు. అయినా సీసా చేతికొస్తూనే ఉంది.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు సారా మీద తిరగబడ్డారు. ఆ ఉద్యమం రాష్ట్రమంతా పాకి 1993లో సారా నిషేధం, 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. 1997లో మద్యనిషేధం ఎత్తేశారు, అది వేరే సంగతి. మొగుడి తాగుడు ఇంటి గుట్టని దాచుకుని ఉంటే ఆ తల్లులు అంత సాధించేవారా? వాళ్ళు భర్తల్ని వీధిలో నిలదీస్తే, మనం కొడుకుల కోసం తలుపులు మూస్తున్నాం!

అలాగని తాగొచ్చిన రాత్రే తిట్టి తరమకూడదు. మళ్ళీ బైకెక్కి పోతాడు. తాళంచెవి తీసుకుని, పక్కకు తిప్పి పడుకోబెట్టి, కనిపెట్టుకుని ఉండాలి. పలకకపోయినా, ఊపిరి సరిగా ఆడకపోయినా పరువు చూసుకోకుండా ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. తెల్లారాక మాత్రం తల్లీ తండ్రీ ఇద్దరూ కూర్చుని మాట్లాడాలి. నాలుగడుగులు డాన్సు వేయడానికి ఎందుకురా అంత బెరుకు అని అడగాలి.

నేను రెండు రోజులు ఆలస్యంగానైనా మా మరిదికి చెప్పేశాను. పిల్లవాడు నాతో మాట్లాడ్డం మానేశాడు. పోనీండి, కోపం నాలుగు రోజుల్లో పోతుంది. వాడు క్షేమంగా ఉంటే అంతే చాలు.