గురువు మాట చివరి వరుసకు చేరాలి

హదీసు విద్య వర్ధిల్లిన కాలంలో బాగ్దాదు వంటి నగరాలలో పండితుల సభలకు శ్రోతలు పెద్ద సంఖ్యలో వచ్చేవారు. గురువు కంఠం వెనుక వరుసలకు అందేది కాదు. అందుకని ‘ముస్తమ్లీ’ అనే వ్యక్తిని నియమించేవారు. గురువు పలికిన వాక్యాన్ని అతడు బిగ్గరగా తిరిగి పలికితే విద్యార్థులు వ్రాసుకునేవారు. ఎవరెవరు విన్నారో గ్రంథంపై నమోదు చేసే ‘సమాఅ’ పత్రాలలో, మధ్యలో కునికిపాట్లు పడినవారి సంగతి కూడా వ్రాసిన సందర్భాలున్నాయి. స్పష్టంగా వినడానికి మన పెద్దలు ఇచ్చిన విలువ అటువంటిది.

నేడు మన బిడ్డలు విశ్వవిద్యాలయాలలో పాఠాన్ని ఫోనులో రికార్డు చేసుకుంటున్నారు. ఇంటికి వచ్చి వింటే ఫ్యాను హోరు, దగ్గులు, కుర్చీల చప్పుడు, వాటి చాటున గురువుగారి గొణుగుడు! ఉర్దూ లేదా తెలుగు మాధ్యమంలో చదివి, తొలిసారి ఇంగ్లీషులో పాఠం వింటున్న బిడ్డకు ఆ రికార్డే ఆధారం. చూపు లేని విద్యార్థికి అనేకసార్లు అదే పాఠ్యపుస్తకం. అది అస్పష్టమైతే వారి ముందు తలుపు మూసుకుపోయినట్లే.

లోపం చాలావరకు ఫోనుది కాదు, దూరానిది. ఆరుబయట దూరం రెట్టింపయితే ధ్వని తీవ్రత నాలుగో వంతుకు పడిపోతుంది. గదిలోనైతే గోడల ప్రతిధ్వని తోడై మాటలు ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. కాబట్టి వెనుక బెంచీలోని ఖరీదైన ఫోను కన్నా గురువుగారి బల్లపై ఉన్న సాధారణ ఫోను మేలు. దాని క్రింద మడిచిన రుమాలు పరిస్తే బల్ల అదురు తగ్గుతుంది. కాలరు మైకును గడ్డానికి జానెడు దిగువన, బట్ట రాసుకోకుండా తగిలిస్తే మరింత మేలు. మధ్యలో కాల్ రాకుండా ఫోనును ఫ్లైట్ మోడ్‌లో ఉంచాలి. ముందుగా ఒక నిమిషం రికార్డు చేసి, ఇయర్‌ఫోనుతో విని చూసుకోవాలి. మాటలకు మోనోలో 64 కిలోబిట్ల నాణ్యత చాలు. గంట పాఠం సుమారు 29 ఎం.బి.లో ఇమిడిపోతుంది. డేటా తక్కువగా ఉన్నవారికీ అది భారం కాదు.

అధ్యాపకులకు మా విన్నపం ఒకటి. విద్యార్థి అడిగిన ప్రశ్నను మీరు ఒకసారి తిరిగి పలికి జవాబివ్వండి. నాటి ముస్తమ్లీ చేసిన పని అదే. అలా చేస్తే జవాబుతో పాటు ప్రశ్న కూడా రికార్డులో నిలుస్తుంది.

సోదర సోదరీమణులారా! సభలో పలికిన మాట అమానత్. గురువుగారి అనుమతి లేనిదే రికార్డు చేయరాదని మీ పిల్లలకు చెప్పండి. తరగతిలో ఒక విద్యార్థి తడబడిన క్షణాన్ని కత్తిరించి వాట్సాప్ గ్రూపులలో త్రిప్పడం ఆ అమానత్‌కు ద్రోహమే. రికార్డు ఉన్నది కదా అని తరగతి ఎగవేయడం కూడా తగదు. ముందు వరుసలో కూర్చునే అవకాశం ఉన్న బిడ్డ, అనుమతి తీసుకుని చక్కగా రికార్డు చేసి, వినలేకపోయిన తోటివారికి అందజేయాలి. చదువుకునేవాడు తోటివాడికి చేయగల మేలు ఇంతకన్నా సులభమైనది అరుదు.