వెయ్యి అబద్ధాల్లో నా చెవులు కూడానా?

ఈ మధ్య మన కార్యకర్తల శిక్షణ శిబిరంలో భోజనాల దగ్గర ఒక సంభాషణ జరిగింది. జరిగిందన్న సంగతి నా పక్కన కూర్చున్న స్నేహితురాలు తర్వాత కాగితం మీద రాసి చూపిస్తే తెలిసింది. నలుగురు ఒకేసారి మాట్లాడే చోట నాకేమీ అందదు. విషయం ఏమిటంటే, కౌన్సిలింగ్ కేంద్రానికి ఒక అమ్మాయి వచ్చింది. డిగ్రీ చదివింది, ఉద్యోగం చేస్తోంది. రెండు మూడేళ్ళుగా వినికిడి తగ్గుతూ వస్తోంది. ఇది ఆగేది కాదని డాక్టరు చెప్పాడు. ఒకబ్బాయితో స్నేహం పెళ్ళి దాకా వచ్చేట్టుంది. అతనికి చెప్పాలా వద్దా అని అడగడానికి వచ్చింది. (గుర్తు పట్టే వివరాలేవీ ఇక్కడ రాయడం లేదు.) మన కార్యకర్త, నేను ఎంతో గౌరవించే అక్క, వరకట్న కేసుల్లో పోలీస్ స్టేషన్ల చుట్టూ చెప్పులరిగేలా తిరిగిన మనిషి, ఆ అమ్మాయికిచ్చిన సలహా ఇది: "ఇప్పుడే ఎందుకమ్మా? జుట్టు విరబోసుకుంటే మిషను కనపడదు. పెళ్ళయ్యాక మెల్లిగా చెప్పుకోవచ్చు."

వెయ్యి అబద్ధాలాడి ఒక పెళ్ళి చెయ్యమన్నారు పెద్దలు. ఆ సామెతను మనం ఎన్ని సభల్లో దుయ్యబట్టాం! వరుడి తాగుడు దాచి, మొదటి పెళ్ళి దాచి, అప్పులు దాచి ఆడపిల్లల గొంతు కోస్తున్నారని ఎన్ని కరపత్రాలు వేశాం! తీరా మన దగ్గరకొచ్చిన ఆడపిల్లకి మనం చెప్పింది వెయ్యిన్నొకటో అబద్ధమా?

అక్క మీద కోపంతో రాయడం లేదు. ఆవిడ ఆ పిల్ల మేలు కోరే అన్నది. మా అమ్మ కూడా నా మేలు కోరే అన్నది. ఆ మేలు ఎలా వుంటుందో అనుభవించిన దాన్ని కాబట్టి రాస్తున్నాను.

2011లో నాకు పెళ్ళిచూపులు. అప్పటికి నా వినికిడి తగ్గడం మొదలై రెండేళ్ళు. నరం బలహీనపడుతోంది, కారణం తెలియదు అన్నారు. ఈ తరహా లోపంలో తరచుగా ముందు పోయేది పై స్థాయి ధ్వనులు. అంటే స, శ, త, క లాంటి హల్లులు కరిగిపోతాయి, అచ్చులు మిగులుతాయి. ఎవరో మాట్లాడుతున్నారని తెలుస్తుంది, ఏం మాట్లాడుతున్నారో తెలియదు. "వినపడుతుంది గానీ అర్థం కావడం లేదు" అంటే మా నాన్న "అయితే చెవులు బాగానే వున్నాయన్నమాట, ధ్యాస లేదు" అనేవాడు. అలా పెదవుల్ని చూసి పోల్చుకోవడం దానంతటదే అలవాటయింది. దాంట్లో ఒక చిక్కుంది. అద్దం ముందు నిలబడి పాట, బాట, మాట అని నోట్లోనే అని చూడండి. పెదవుల మీద మూడూ ఒక్కలాగే వుంటాయి.

ఆ రోజు అమ్మ నా జడలో రెండు మూరల మల్లెపూలు పెట్టి, చెవుల మీదుగా జుట్టు దువ్వింది. మిషను తీసేసి బీరువాలో పెట్టింది. "అడిగినదానికి ఊ అను చాలు, మిగిలింది నేను చూసుకుంటాను" అంది. అబ్బాయి మామ్మ హాలుకి ఆ చివర కూర్చుని ఏదో అడిగింది. పెదవుల్ని బట్టి "మాట" అనుకున్నాను. మాటివ్వమంటున్నారేమో, పెద్దవాళ్ళు కదా అని "ఊ" అన్నాను. అందరూ ఎదురుచూస్తున్నారు. ఆవిడ అడిగింది పాట వచ్చా అని. పాడతానని తల వూపి నోరు తెరవకుండా కూర్చున్న అమ్మాయిని చూసి వాళ్ళేమనుకున్నారో నాకు తెలియదు. గర్వం అనుకుని వుంటారు. ఆ హాల్లోనే ఆ తర్వాత అరగంటసేపు కట్నం మాటలు నడిచాయి. ఏ పొలం అమ్మాలో, ఎంత బంగారమో, పెళ్ళయ్యాక ఉద్యోగం మానాలో వద్దో అన్నీ నా ఎదురుగానే తేల్చారు. మధ్యలో ఎవరో నా వైపు తిరిగి "ఏమ్మా, నీకిష్టమేగా?" అన్నట్టున్నారు. నేను ఊ అన్నాను.

అక్కలూ, చెల్లెళ్ళూ, ఇదీ నేను చెప్పదలచుకున్నది. చెవుడు దాచడమంటే మిషను దాచడం కాదు. ప్రతి మాటకీ ఊ అనడం. విననిదానికి విన్నట్టు తల వూపడం, నలుగురు నవ్వితే నవ్వడం. స్త్రీ సమ్మతి గురించి మనం ఇన్నేళ్ళుగా మాట్లాడుతున్నాం, మౌనం అంగీకారం కాదని గొంతు చించుకుంటున్నాం. మరి చీకటి గదిలో, భర్త ఏమడుగుతున్నాడో పెదవులు కనపడక, బయటపడతానేమోనన్న భయంతో ఒక ఆడది "ఊ" అంటే దాన్ని ఏమందాం? గుసగుస దాదాపు 30 డెసిబెల్స్, మామూలు సంభాషణ దాదాపు 60. నాకు లోపం అప్పటికే 45. దాంపత్యంలో సగం మాటలు గుసగుసలే కదా!

ఆ సంబంధం కుదరలేదు. కారణం నా చెవులు కాదు, పొలం ధర. ఇప్పటికీ తలుచుకుంటే నవ్వొస్తుంది.

రెండోవైపు వాళ్ళ సంగతి కూడా చెప్పాలి. "దాచడం మోసం, ముందే చెప్పితీరాలి" అని నీతి బోధించేవాళ్ళున్నారు. వీళ్ళని చూస్తే నాకు అక్క కంటే ఎక్కువ ఒళ్ళు మండుతుంది. ఎవరు చెప్పాలి? ఎవరికి చెప్పాలి? బ్రోకరు చేతిలో పెట్టే బయోడేటాలో రాయాలా? ఇప్పటి పెళ్ళి సంబంధాల వెబ్‌సైట్లలో శరీరస్థితి అని ఒక గడి వుంటుంది. నార్మల్ అని టిక్కు పెట్టాలి, లేదంటే వికలాంగురాలినని పెట్టాలి. ఏటా నాలుగైదు డెసిబెల్స్ తగ్గుతున్న మనిషి ఏ గడిలో టిక్కు పెట్టాలి? చట్టానికే తెలియదు. 1995 చట్టం బాగా వినపడే చెవిలో 60 డెసిబెల్స్, అంతకుమించి లోపం వుంటేనే వికలాంగత్వం అంది. 2016 చట్టం రెండు చెవుల్లో 60 నుంచి 70 అయితే వినికిడి లోపమనీ, 70 అయితే బధిరత్వమనీ అంది. 59 దాకా ఆ చట్టాలు నన్ను వికలాంగురాలిగా గుర్తించవు. సర్టిఫికెట్ రాదు, పెళ్ళి సంబంధం మాత్రం పోతుంది.

మగవాడికైతే ఈ గడి ఎవరు చూస్తారు? మిల్లుల్లో, క్రషర్ల దగ్గర, జనరేటర్ల పక్కన పనిచేసి చెవులు పోగొట్టుకున్న మగవాళ్ళు ఎందరు లేరు! "ఆయనకి కాస్త గట్టిగా చెప్పాలి" అంటారు అంతే. ఇంటిల్లిపాదీ ఆయన కోసం గొంతు పెంచుతారు. అదే ఆడదయితే "చెవిటిది". చెవిటి మాలోకం, చెవిటివాడి ముందు శంఖం... మన భాషలో చెవుడుకీ తెలివితక్కువతనానికీ మధ్య గోడే లేదు. మనువు చెవిటివాళ్ళకి ఆస్తిలో వాటా లేదన్నాడు. పుట్టుచెవుడు మూలంగా వారసత్వం పోయే ఆ పద్ధతిని ఎత్తెయ్యడానికి 1928లో ఒక చట్టం, ఆపై 1956 వారసత్వ చట్టంలో మరో సెక్షను కావలసి వచ్చాయి. ఆస్తి సంగతి కాగితం మీద తేలింది గానీ పెళ్ళి సంగతి తేలలేదు.

కోర్టు భయం గురించి కూడా మాట్లాడుకుందాం, ఎందుకంటే "చెప్పకు" అని సలహా ఇచ్చేవాళ్ళు ఇది మరిచిపోతారు. 1955 హిందూ వివాహ చట్టంలో చెవుడు విడాకులకు కారణం కాదు. ఎప్పుడూ లేదు. (కుష్ఠు వుండేది. దాన్ని 2019లో తీసేశారు.) కానీ 12వ సెక్షనుంది. అవతలి మనిషికి సంబంధించిన ముఖ్యమైన విషయాన్ని దాచి మోసంతో సమ్మతి పొందితే పెళ్ళిని రద్దు చెయ్యమని అడగవచ్చు. 1976 సవరణతో ఈ మాట చేరింది. మోసం బయటపడిన ఏడాదిలోపు వెయ్యాలి. తెలిసాక కూడా ఇష్టపూర్వకంగా కాపురం చేస్తే ఆ కేసు నిలవదు. వినికిడి లోపం ముఖ్యమైన విషయమా కాదా అన్నది ఆ కేసులో వాదనల్ని బట్టి తేలాల్సిందే. తేలేలోపు ఆ అమ్మాయి ఆడియోగ్రామ్‌లు ఒక్కొక్కటీ తేదీలతో సహా కోర్టులో పరుస్తారు. కట్నం చాలక వదిలించుకోవాలనుకునే వాడి చేతికి మనమే కత్తినిచ్చినట్టు కాదా? ఆ అక్కని నేనడిగేది ఇదొక్కటే. రేపు ఆ అమ్మాయి ఈ నోటీసు పట్టుకుని మళ్ళీ మన కేంద్రానికే వస్తే ఏం చెబుతాం? జుట్టు ఇంకాస్త విరబోసుకోమందామా?

ఇక ప్రభుత్వం వారి దయ. వికలాంగుల్ని పెళ్ళాడిన సకలాంగులకి ప్రోత్సాహక బహుమతి ఇచ్చే పథకం మనకు చాలాకాలంగా వుంది. ఉమ్మడి రాష్ట్రంలో అది 50 వేల రూపాయల దాకా పెరిగింది. 1961లో వరకట్న నిషేధ చట్టం తెచ్చిన దేశంలో, నాలాంటి దాన్ని చేసుకున్నందుకు సర్కారే కట్నం చదివిస్తుంది! ఆ డబ్బుతో బాగుపడిన కుటుంబాలుంటే వుండవచ్చు. బీదవాళ్ళకి 50 వేలు తక్కువేమీ కాదు, ఆ మాట కాదనను. అయితే ఆ అమ్మాయి పేరు మీద చదువుకో, మంచి మిషనుకో అదే డబ్బు ఇస్తే ఏం పోయింది? మిషన్లు వేల నుంచి లక్షల దాకా వున్నాయి. తగ్గే వినికిడికి తగ్గట్టు కొన్నేళ్ళకోసారి మార్చుకోవాలి. పేరు మాత్రం "దివ్యాంగులు" అని మార్చారు. నా చెవుల్లో దివ్యత్వమేమీ లేదు, నరం దెబ్బతింది, అంతే.

ఈ దయాగుణం మన దేశానికే పరిమితం కాదు. హెలెన్ కెల్లర్ గురించి బళ్ళో అందరం పాఠం చదువుకున్నాం. 1916లో, 36 ఏళ్ళ వయసులో, తన దగ్గర కార్యదర్శిగా పనిచేసిన పీటర్ ఫాగన్‌ను ఆమె పెళ్ళాడాలనుకున్న సంగతి ఏ పాఠంలోనూ చెప్పరు. ఇద్దరూ లైసెన్సుకు దరఖాస్తు కూడా పెట్టుకున్నారు. తల్లి ఆపించింది. ఆమె మేలు కోరే! ఆ తర్వాత కెల్లర్ పెళ్ళి చేసుకోలేదు. ప్రపంచమంతా తిరిగి ఉపన్యాసాలిచ్చిన మనిషికి తన ఇంట్లో తన పెళ్ళి మాట చెల్లలేదు. వికలాంగులకి పెళ్ళాడే హక్కు, కుటుంబం ఏర్పరచుకునే హక్కు వున్నాయని ఐక్యరాజ్యసమితి ఒప్పందం 23వ అధికరణం చెబుతుంది. భారతదేశం 2007లో దాన్ని ఆమోదించింది.

మరి నువ్వేమంటావు అంటారా? చెప్పాలి అనే అంటాను. ఒప్పుకోలుగా కాదు, క్షమాపణగా కాదు. ముద్దాయి బోనులో నిలబడినట్టు అసలే కాదు. అమ్మ ద్వారానో బ్రోకరు ద్వారానో కాకుండా తనే, తనకి ఆ మనిషి మీద కాస్త గురి కుదిరాక చెప్పాలి. మొదటి రోజే కాఫీ కప్పు ముందు పరిచయంతో పాటు చెప్పాలన్న రూలేమీ లేదు. అలాగని పెళ్ళికార్డులు అచ్చయ్యాక కూడా కాదు. అంతేకాదు, చెప్పడం ఒకవైపు నుంచే జరగకూడదు. నా ఆడియోగ్రామ్ నీ ముందు పెడతాను, నీ అప్పులు, నీ తాగుడు, నీ బీపీ నా ముందు పెట్టు. ఈ మాట అనే ధైర్యం ఆ అమ్మాయికివ్వడం మన కౌన్సిలింగ్ పని. పిల్లలకి వస్తుందా అని అవతలివాళ్ళు తప్పకుండా అడుగుతారు. దానికి జవాబు డాక్టరు దగ్గర తెలుసుకుని వుండాలి. కొన్ని రకాలు వంశంలో వస్తాయి, కొన్ని రావు. చెవిలోని చిన్న ఎముక బిగుసుకుపోయే జబ్బు ఒకటుంది, ఆడవాళ్ళలో ఎక్కువ. దానికి ఆపరేషన్ వుంది. గర్భం వస్తే అది ముదురుతుందని తరతరాలుగా భయపెట్టారు. పిల్లలున్నవాళ్ళనీ లేనివాళ్ళనీ పోల్చిన తర్వాతి అధ్యయనాల్లో కొన్నిటిలో ఆ తేడా కనపడనే లేదు.

చెప్పాక ఏమవుతుంది? కొందరు పోతారు. నాకు ముగ్గురు పోయారు. ఒకాయన "ఫర్వాలేదండీ, ఇదసలు సమస్యే కాదు" అన్నాడు. ఎంతో సంతోషించాను. ఆ తర్వాత గంటసేపు ఫోను చూసుకుంటూ, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని మాట్లాడాడు. రెండోసారి అడిగితే "ఏం లేదులే, వదిలెయ్" అన్నాడు. ఈ "ఏం లేదులే" అన్న మాట వినికిడి తగ్గినవాళ్ళు జీవితంలో ఎన్ని వేలసార్లు వింటారో! దాన్ని మాత్రం మేం ఎంత నెమ్మదిగా అన్నా పోల్చుకుంటాం. ఆయన్ని నేనే వద్దన్నాను. అమ్మ నెల రోజులు నాతో మాట్లాడలేదు.

మరొకతను నేను చెబుతున్నంతసేపూ ఏమీ అనలేదు. అతని వెనక కిటికీ వుంది, మొహం నీడలో వుంది. చెప్పడం అయ్యాక లేచి కుర్చీ ఇటువైపు లాక్కున్నాడు, వెలుతురు అతని మొహం మీద పడేలా. "ఇప్పుడు తెలుస్తోందా?" అన్నాడు. అతన్ని చేసుకున్నానా లేదా అన్నది ఈ వ్యాసానికి అనవసరం.

ఆ అమ్మాయి వచ్చే గురువారం మళ్ళీ కేంద్రానికి వస్తుందట. నేను కూడా వస్తానని అక్కకి కబురు పంపాను. మన కౌన్సిలింగ్ గదిలో ఫ్యాను కీచుమంటుంది, ట్యూబులైటు సలహా చెప్పేవాళ్ళ వెనక వుంది. ముందు ఆ రెండూ మార్పించండి.